కాదు వేరు, లేదు వేరు: గణితం పుస్తకాలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

తెలుగు మాధ్యమం గణితం పుస్తకాలు రాసేవారికి, అనువదించేవారికి, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి నమస్కారం.

ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెబుతున్నాను. మీలో చాలామంది నాలాగే సుద్దముక్క పట్టి, ఆ తర్వాత ఆ పనిలోకి వెళ్లినవాళ్లే. అందుకే తరగతిలో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

ఆ మధ్య తొమ్మిదో తరగతికి బయటి నుంచి వచ్చిన పేపర్లో ఒక మార్కు ప్రశ్న ఇది: "2, 9, 11, 15. ఈ సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలు కావు. ఒప్పా, తప్పా?" సగం మంది ఒప్పు అన్నారు. 9, 15 ప్రధాన సంఖ్యలు కావు కదా, అలాంటప్పుడు అన్నీ కావనడం సరైనదే. మిగతా సగం తప్పు అన్నారు. 2, 11 ప్రధాన సంఖ్యలే కదా, అన్నీ కావని ఎలా అంటారు? పేపరుతో వచ్చిన జవాబుల కాగితంలో మాత్రం ‘ఒప్పు’ అని ఉంది.

మార్కు పోయిన ఒకమ్మాయి పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సార్, పిల్లలందరూ రాలేదు అంటే ఎవరూ రాలేదనే కదా?" అంది. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. "అయితే తెల్లనివన్నీ పాలు కావు అంటే, పాలు కూడా పాలు కావా?" అన్నాడు. తరగతంతా నవ్వింది, ఆ అమ్మాయి తప్ప. ఇద్దరి మాటా సరైనదే. తెలుగులో ఆ వాక్యానికి రెండు అర్థాలూ ఉన్నాయి. మార్కు ఇద్దరికీ ఇచ్చేశాను. ఎందుకిచ్చానో విడమరిచి చెప్పడానికి మాత్రం మా పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు.

‘అన్నీ’ అనే మాటను ‘కాదు’ తనలో కలుపుకుందా, లేక ‘కాదు’నే ‘అన్నీ’ కలుపుకుందా అన్నదే ఇక్కడి చిక్కు. 1879లో జర్మనీలో గొట్లోబ్ ఫ్రేగె అనే గణితవేత్త ఈ తేడాను గుర్తులతో రాయడం నేర్పాడు. ‘ప్రతి’ అనే మాటకూ, ‘ఏదో ఒకటి ఉంది’ అనే మాటకూ లెక్కల్లో చోటిచ్చాడు. ఈనాటి తర్కశాస్త్రం అక్కడి నుంచే బయలుదేరింది.

ఒకప్పుడు మన పుస్తకాల్లోనూ ఇది ఉండేది. 2014కి ముందు పదో తరగతి గణితంలో మొదటి అధ్యాయం ప్రవచనాలు (ఒప్పో తప్పో తేల్చగలిగే వాక్యాలు), సమితులు. ‘మరియు’తో కలిపే సంయోగం, ‘లేదా’తో కలిపే వియోగం, ‘అయితే’తో కలిపే అనుషంగికం, వాటి ఒప్పూ తప్పూ లెక్కించే సత్య పట్టికలు అన్నీ అందులోనే. నేను చదువుకున్నదీ అదే, తర్వాత చాలా ఏళ్లు చెప్పిందీ అదే. 2014లో పుస్తకాలు మారినప్పుడు సమితులు మిగిలాయి, ప్రవచనాలు పోయాయి. అప్పటి తొమ్మిదో తరగతి పుస్తకం చివర గణితంలో నిరూపణల గురించి ఒక అధ్యాయం ఉండేది. చివరి అధ్యాయాలకు బడిలో ఏ గతి పడుతుందో మీకు నేను చెప్పాలా? ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోని మ్యాథమెటికల్ రీజనింగ్ పాఠాన్ని 2022లో భారం తగ్గింపులో భాగంగా తొలగించారు. 2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లోనూ అది లేదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షల టైంటేబుల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కనే లాజిక్ అని ఒక పేపరు కనిపించేది. నా దగ్గర చదివి వెళ్లినవాళ్లలో ఆ పేపరు రాసినవాళ్లు ఒక్కరైనా నాకు తారసపడలేదు.

పాత అధ్యాయాన్ని దుమ్ము దులిపి మళ్లీ పెట్టమని నేను అడగడం లేదు. దాన్ని చెప్పినవాడిగా అందులోని లోపం నాకు తెలుసు. అక్షరాలు తెలుగువే, ఎముకలు మాత్రం ఇంగ్లిష్‌వి. పిల్లలు సత్య పట్టికలను ఎక్కాల్లా బట్టీపట్టి నింపేవాళ్లు. సత్యం అంటే ఏమిటని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. నేనూ అడగనిచ్చేవాణ్ణి కాదు. నేను కోరేది తెలుగులోంచి పుట్టిన తర్కపాఠం. అదెలా ఉంటుందో కొంచెం చూపిస్తాను.

మనం రోజూ వాడే జోడింపు మాటలు చూడండి: అయితే, అయినా, కాబట్టి, కాని, కాకపోతే, లేదా, లేకపోతే. ఇవన్నీ రెండు మూలాల నుంచి వచ్చినవే. ఒకటి అవడం, కావడం. రెండోది ఉండడం, లేకపోవడం. పుస్తకంలో ‘పి లేదా క్యూ’ అని రాస్తాం. ‘లేదా’లో ‘లేదు’ కనిపిస్తూనే ఉంది. టీ లేదా కాఫీ అంటే టీ తెండి, అది లేకపోతే కాఫీ తెండి అని. ‘పి లేదా క్యూ’ అన్నా ‘పి కాకపోతే క్యూ’ అన్నా ఒకటేనని పాత పుస్తకంలో నాలుగు వరుసల పట్టిక వేసి నిరూపించేవాళ్లం. ఆ మాటను విప్పి చూపిస్తే పిల్లవాడికి పట్టిక వెయ్యకముందే ఆ సంగతి అందుతుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా విప్పి చూపలేదు. ఎవరూ నాకు చూపలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ అనే ఒకే క్రియ రెండు పనులు చేస్తుంది: ఇది ఫలానా అని చెబుతుంది, ఇది ఉందనీ చెబుతుంది. యూరప్ తత్వవేత్తలు ఈ రెండిటినీ విడదీయడానికి చాలా శ్రమపడ్డారు. ‘ఉండడం’ అనేది ఎరుపు, బరువు లాంటి ఇంకో లక్షణం కాదని ఇమ్మాన్యుయేల్ కాంట్ 1781లో వాదించాడు. ఊహలోని వంద నాణేలకూ జేబులోని వంద నాణేలకూ భావనలో తేడా లేదన్నాడు. తెలుగు పిల్లకు ఈ విడదీత ఉగ్గుపాలతోనే వస్తుంది. "ఇది కుండ" అన్నప్పుడు క్రియే లేదు. "ఇక్కడ కుండ ఉంది" అన్నప్పుడు క్రియ వచ్చింది. కాదనాల్సి వస్తే మొదటిదానికి "ఇది కుండ కాదు" అంటాం, రెండోదానికి "ఇక్కడ కుండ లేదు" అంటాం. మూడేళ్ల బిడ్డ కూడా ఈ రెండింటినీ తారుమారు చేయదు. మన భాష ఒక్కటే గొప్పదని నా ఉద్దేశం కాదు. కన్నడంలో, మలయాళంలో కూడా అల్ల, ఇల్ల అని ఇలాగే రెండున్నాయి. పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న ఈ సొమ్మును బడి గుర్తించడం లేదన్నదే నా బాధ.

పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడే అయిన అన్నంభట్టు ఈ రెండిటికీ సంస్కృతంలో పేర్లతో సహా లెక్క చెప్పాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక సామెత ఉంది. ఆయన రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం. బాలలకు సుఖంగా బోధపడడానికే రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. ఒక్క మాటలో చెప్పాలంటే అదీ పాఠ్యపుస్తకమే, ఆయన మీ వృత్తివాడే. అందులో ప్రపంచంలోని పదార్థాలను, అంటే మాటకు అందే అన్నిటి మూల రకాలను, ఏడుగా లెక్కించాడు. ఏడోది అభావం, అంటే లేకపోవడం. అభావం మళ్లీ నాలుగు రకాలు. కుండ పుట్టకముందు మట్టిలో ఉన్న లేమి ప్రాగభావం. పగిలిపోయాక వచ్చే లేమి ప్రధ్వంసాభావం. ఏ కాలంలోనూ లేకపోవడం అత్యంతాభావం, న్యాయ, వైశేషిక దర్శనాలవాళ్ల లెక్కలో గాలికి రంగు లేనట్టు. కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం.

సంస్కృతంలో చదివితే ఇవి నోరు తిరగని పేర్లు. తెలుగులో చెప్పి చూడండి. ఇంకా లేదు. ఇక లేదు. ఎప్పుడూ లేదు. కాదు. మూడు ‘లేదు’లు, ఒక ‘కాదు’. ఆ శాస్త్రంలో మొదటి మూడింటినీ కలిపి సంసర్గాభావం అంటారు, నాలుగోదాన్ని వేరుగా ఉంచుతారు. సంస్కృతంలో రెంటికీ ‘న’ అనే ఒకే మాట చాలు. తెలుగులో గీత సరిగ్గా అక్కడే పడింది. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషికి ఈ విభజన రాసేటప్పుడు ఏమనిపించి ఉంటుందా అని నాకు తరచూ అనిపిస్తుంది. ఈ నాలుగు మాటలూ ఆరో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో చెప్పొచ్చు. నేను చెప్పాను. ఉదాహరణలు వాళ్లే ఇచ్చారు. సెలవులు ఇంకా లేవు. పోయినేడాది కొన్న పెన్ను ఇక లేదు. త్రిభుజానికి నాలుగో మూల ఎప్పుడూ లేదు. చతురస్రం వృత్తం కాదు.

‘లేదు’కు ఇంకో గుణముంది. ఎక్కడ, ఎవరికి అన్న ప్రశ్నను అది వెంట తెస్తుంది. మా అమ్మ పోయినప్పుడు మా చిన్నమ్మాయికి ఐదేళ్లు. నానమ్మ ఇక లేదమ్మా అన్నాను. "ఎక్కడ లేదు నాన్నా?" అంది. ఎక్కడా లేదన్నాను. "మరి ఫోటోలో ఎవరు?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత న్యాయశాస్త్రంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, చదివాను: ప్రతి అభావానికీ లేనిది ఏదో చెప్పే ప్రతియోగి ఉండాలి, ఎక్కడ లేదో చెప్పే అనుయోగి ఉండాలి. ఐదేళ్ల పిల్ల నన్ను అనుయోగి అడిగింది.

కుందేటి కొమ్ము సంగతీ ఇలాంటిదే. ఇసుకలో నూనె, ఎండమావిలో నీళ్లు, కుందేటి కొమ్ము అంటూ ఏనుగు లక్ష్మణకవి పద్యాన్ని మన పిల్లలు తెలుగు తరగతిలో అప్పజెబుతారు. పక్క పీరియడ్‌లో లెక్కల మాస్టారు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కుందేటి కొమ్ము లేదన్నప్పుడు దేన్ని లేదంటున్నాం? అది ఏదో ఒకటి కాకపోతే దాని గురించి మాట్లాడడమెలా? ఆ న్యాయశాస్త్రం వాళ్లయిన నైయాయికుల జవాబు ఇది: కొమ్ము ఉంది, ఆవుకుంది. కుందేలూ ఉంది. కుందేలుకు కొమ్ము లేదు, అంతే. చిత్రమేమిటంటే మామూలు తెలుగులో మనం ఎప్పుడూ అనేది ఈ వాక్యమే.

1905లో బెర్ట్రండ్ రసెల్ అనే తత్వవేత్త ఇంగ్లిష్‌లో ఇలాంటి ముడినే పట్టుకున్నాడు. ఫ్రాన్స్ ప్రస్తుత రాజుది బట్టతల అంటే ఒప్పా, తప్పా? ఫ్రాన్స్‌కు రాజే లేడు. బట్టతల ఉన్నవాళ్ల జాబితాలో ఆయన దొరకడు, లేనివాళ్ల జాబితాలోనూ దొరకడు. రసెల్ ఆ వాక్యాన్ని విప్పి, లోపల ‘ఒక రాజున్నాడు’ అన్న మాట దాగి ఉందని చూపాడు. ఆ మాట తప్పు కాబట్టి వాక్యమంతా తప్పు. అన్నంభట్టు ఉదాహరణ ఆకాశ తామర: ఆకాశంలో పూసిన తామర సువాసన గలది, తామర కాబట్టి, చెరువులో తామరలాగా. వినడానికి వాదన చక్కగా ఉంది. అసలు ఆ తామరే లేదు. అందుకని అది హేతువులా కనిపించే దోషం, ఆశ్రయాసిద్ధం, అంటే నిలబడడానికి ఆధారమే లేనిది. ఇద్దరూ పెట్టిన పరీక్ష ఒకటేనని నేననను. ఒకరు వాక్యాన్ని చూశారు, మరొకరు వాదనను చూశారు. కానీ పదో తరగతి పిల్లకు ఈ రెండిటినీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. చూపించి తీరాలని నా అభిప్రాయం.

సత్యం అంటే ఏమిటన్న ప్రశ్నకూ తెలుగులో దారి ఉంది. నిజాన్ని మనం ‘ఉన్నమాట’ అంటాం, ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటాం. అబద్ధాలను లేనిపోని మాటలంటాం. ఉన్నదాన్ని ఉందనడం, లేనిదాన్ని లేదనడం సత్యమని అరిస్టాటిల్ చెప్పాడు. 1933లో ఆల్ఫ్రెడ్ టార్స్కీ అనే తర్కవేత్త ఆ మాటనే గణితంలో బిగించి నిర్వచించాడు. ఉన్నదాన్ని ఉన్న తీరులో పట్టుకున్న అనుభవమే యథార్థమన్నాడు అన్నంభట్టు. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకుంటే అయథార్థం. ఇక్కడ తెలివైన పిల్ల ఒకటి అడుగుతుంది: నిజమంటే ఉన్నమాట అయితే, బల్ల మీద పుస్తకం లేదన్న నిజానికి ఆధారంగా అక్కడ ఉన్నదేమిటి? అభావం కూడా ఒక పదార్థమే, అది అక్కడుంది అన్నారు నైయాయికులు. అదేమీ వేరే వస్తువు కాదు, ఉత్త బల్లే అన్నారు మీమాంస అనే మరో దర్శనంలోని ప్రాభాకర శాఖవాళ్లు. శతాబ్దాలు నడిచిన వాదం ఇది. నేనైతే మీమాంసకుల వైపు మొగ్గుతాను. మా తరగతిలో ఎక్కువమంది నైయాయికుల పక్షం చేరారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

గణితంలో ‘ఉంది’ అనే మాట ఎంత బరువైనదో పదో తరగతి సంఖ్యలతోనే చూపొచ్చు. రూట్ 2 కరణీయమని, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేమని, పిల్లలకు నిరూపణతో సహా తెలుసు. అలా రాయగలిగేది అకరణీయం. ఇప్పుడు అడుగుదాం: ఒక కరణీయ సంఖ్యను ఇంకో కరణీయ ఘాతానికి పెంచితే అకరణీయం వచ్చే సందర్భం ఉందా? రూట్ 2ను రూట్ 2 ఘాతానికి పెంచండి. అది అకరణీయమైతే మన పని అయిపోయింది. కాకపోతే, వచ్చినదాన్ని మళ్లీ రూట్ 2 ఘాతానికి పెంచండి, 2 వస్తుంది. రెండింట్లో ఏదో ఒకటి తప్పదు కాబట్టి అలాంటి జత ఉంది. ఏదది? ఈ నిరూపణ చెప్పదు. మొదటిది కరణీయమేనని వేరే, చాలా కష్టమైన దారిలో తేల్చారు.

డచ్ గణితవేత్త బ్రౌవర్ ఇలాంటి చోటే ఆగి, తర్క సూత్రాలను గుడ్డిగా నమ్మలేమని 1908లో రాశాడు. చూపించలేనిదాన్ని ఉందని ఎలా అంటావన్నాడు. దానికి తెలుగులో సిద్ధంగా ఒక మాట ఉంది: లేకపోలేదు. అవకాశం ఉందనడం వేరు, అవకాశం లేకపోలేదనడం వేరు. ఊళ్లో పెద్దమనిషి ఏది అన్నాడన్న దాన్ని బట్టి మనం అడుగు వేస్తాం. మామూలు బడి గణితంలో రెండు కాదులు కలిస్తే ఔను. బ్రౌవర్ దారిలో ప్రతిసారీ అలా కలవాలని లేదు. ‘లేకపోలేదు’ను ‘ఉంది’తో సమానం చేయని భాషలో పెరిగిన పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా దాచిపెడుతున్నాం.

మూడో మాట ఇంకొకటుంది: ‘తెలియదు’. రెండుకన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చా? 1742లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన ఉత్తరం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇవాళ్టికీ ఎవరూ నిరూపించలేదు, తప్పని చూపే సంఖ్యా దొరకలేదు. కూడికలు, గుణకారాలు చెప్పగలిగే, తనలో వైరుధ్యం లేని ఏ సూత్రాల పట్టికకైనా అందని నిజాలు మిగులుతాయని గోడెల్ అనే తర్కవేత్త 1931లో చూపాడు. ఏది ఆ పట్టికలోని సూత్రమో, ఏది కాదో తేల్చగలిగేలా ఉంటే చాలు. నిరూపణ లేకపోవడం, నిజం కాకపోవడం ఒకటి కాదు. ఇక్కడ కూడా లేదు వేరు, కాదు వేరు. "కాదని ఎవరూ చూపలేదు కాబట్టి నిజమే" అని ఫోన్లలో తిరిగే సందేశాలను మా పిల్లలు రోజూ ఇంటికి మోసుకెళ్తున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ తేడా ఎవరూ నేర్పలేదు.

అనుషంగికం గురించి ఒక్క మాట. మొదటి భాగం తప్పయినప్పుడు మొత్తం వాక్యం ఎలా ఒప్పవుతుందని పిల్లలు ఏటా అడిగేవాళ్లు. నియమం అంతే అని చెప్పి దాటించేవాణ్ణి. "నువ్వు గెలిస్తే నేను మీసం తీయించుకుంటా" అన్న పందెం చాలు. అవతలివాడు ఓడిపోతే మీసం ఉన్నా, తీసినా మాట తప్పినట్టు కాదు. గెలిచాక కూడా మీసం ఉంటేనే మాట తప్పినట్టు. నాలుగు వరుసలూ అందులోనే ఉన్నాయి. విపర్యయం పొరపాటుకు, అంటే వాక్యాన్ని తిరగేసి అదీ నిజమే అనుకోవడానికి, కళ్లాపి కన్నా మంచి ఉదాహరణ ఏముంది? వాన పడితే వాకిలి తడుస్తుంది. వాకిలి తడిసిందని వాన పడిందనలేం. పొగ ఉంటే నిప్పుంది కానీ, నిప్పుంటే పొగ ఉండాలని లేదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుముకు పొగ ఏది? పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి. అలాంటి అదనపు షరతునే అన్నంభట్టు ఉపాధి అన్నాడు.

కాబట్టి నేను కోరేది ఇది. వచ్చేసారి పుస్తకాలు మార్చేటప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఎక్కడైనా సరే, ముందు వైపున, తర్కానికి ఒక్క అధ్యాయం పెట్టండి. ఇంగ్లిష్ పాఠం రాసి అనువదించకండి. తెలుగులోనే మొదలుపెట్టి రాయండి. తెలుగు పండితుణ్ణి, సంస్కృతం తెలిసినవారిని, లెక్కల మాస్టారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. దానిమీద మార్కుల ప్రశ్న పెట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు. బట్టీ పట్టే అవసరమే లేకపోతే ఇంకా మంచిది. ప్రశ్నపత్రాల మిత్రులకు ఇంకా చిన్న కోరిక: ‘అన్నీ కావు’ అని రాయకండి. ‘ఏదీ కాదు’ అనో, ‘కొన్ని కావు’ అనో తేల్చి రాయండి.

నా దగ్గర తరగతిలో వాడిన ఉదాహరణలు రెండు నోటుబుక్కుల నిండా ఉన్నాయి. మీలో ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను, నా పేరు కూడా వేయక్కర్లేదు. మార్కు కోసం పేపరు పట్టుకొచ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది. మొన్న మళ్లీ వచ్చి, "సార్, శూన్య సమితిలో ఏమీ లేదు కదా, మరి ఆ సమితి ఉందా లేదా?" అని అడిగింది. మా స్టాఫ్‌రూమ్‌లో మధ్యాహ్నం అంతా దాని మీదే వాదించుకున్నాం.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు